మూసీకి ఆ దరి ఒకరోజు, ఈ దరి ఒకరోజు

హైదరాబాద్ పాతనగరం కాలినడక కొలతలో కట్టిన ఊరు. గోల్కొండ కోటలో జనం కిక్కిరిసిపోయి, నీటికి కటకట ఏర్పడిన రోజుల్లో మహమ్మద్ కులీ కుతుబ్ షా మూసీకి దక్షిణాన కొత్త రాజధాని తలపెట్టాడు. అది 1591. ఊరి నక్షా బాధ్యత ప్రధానమంత్రి మీర్ మోమిన్ అస్త్రాబాదీది. గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు పోయే బాట అప్పటికే ఉంది. దాన్ని అడ్డంగా కోస్తూ ఉత్తర దక్షిణాలుగా మరో బాట పడింది. రెండూ కలిసిన చోట చార్మినార్ లేచింది. మిగతా ఊరంతా ఆ కూడలికి అల్లుకున్నదే. అందుకే చార్మినార్ నుంచి మక్కా మసీదుకు రెండు నిమిషాలు, చౌమహల్లా ప్యాలెస్‌కు పది నిమిషాలు, నది మీది నయాపూల్‌కు ఇరవై నిమిషాలు నడిస్తే చాలు. ఇదే దూరం కారులో ఎంతసేపు పడుతుందో పత్తర్‌గట్టి దగ్గర ఒకసారి ఇరుక్కున్నవాళ్ళకు చెప్పనక్కర్లేదు.

శని, ఆదివారాలు రెండూ చేతిలో ఉంటే ఈ నగరాన్ని మూసీ దగ్గర రెండుగా విడదీసి చూడడం సుళువు. దక్షిణపు ఒడ్డు కుతుబ్ షాహీలదీ, తొలి నిజాంలదీ. ఉత్తరపు ఒడ్డు బ్రిటిష్ రెసిడెన్సీతో మొదలై ఇరవయ్యో శతాబ్దంలోకి నడుస్తుంది. గోల్కొండ కోట, కుతుబ్ షాహీ సమాధులు పడమరగా చాలా దూరంలో ఉన్నాయి. వాటినీ ఈ రెండు రోజుల్లోనే ఇరికించాలనుకుంటే కాళ్ళు నొప్పి పుట్టడం తప్ప మిగిలేదేమీ ఉండదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నడకకు అనువైన కాలం. చౌమహల్లాకూ సాలార్‌జంగ్ మ్యూజియానికీ శుక్రవారం సెలవు కాబట్టి ఆ రోజు పనికిరాదు.

శనివారం పొద్దున్నే వెళితే చార్మినార్ చుట్టూ ఉన్న రాతి పరుపు దాదాపు ఖాళీగా ఉంటుంది. వాహనాలను కట్టడానికి దూరంగా ఆపేయడం వల్ల చుట్టూ తిరిగి చూసే వీలు వచ్చింది. పాతబస్తీలో దుకాణాల షట్టర్లు పదకొండు దాకా పూర్తిగా లేవవు. ఆలోగా తెరిచి ఉండేవి ఇరానీ హోటళ్ళే. చాయ్‌లో ముంచిన ఉస్మానియా బిస్కెట్టు చాలనుకునేవాళ్ళు అక్కడే ఆగుతారు. ఆకలి గట్టిగా ఉన్నవాళ్ళు రాత్రంతా సన్నని మంట మీద ఉడికిన నహారీ కోసం, దాంతో తినే కుల్చా కోసం వెతుక్కుంటూ పోతారు.

చార్మినార్ నల్లరాయితో, డంగు సున్నంతో కట్టిన చతురస్రం. ఒక్కో భుజం సుమారు 20 మీటర్లు, నాలుగు దిక్కులా ఉన్న కమానుల వెడల్పు 11 మీటర్లు. దూరం నుంచి ఆకర్షించేవి మినార్లు. దగ్గరికి వెళ్ళాక చూడవలసింది గచ్చు పని. పూలు, ఆకులు, జాలీలు, గుండ్రటి పతకాలు ఒక్కో ముఖం మీద ఒక్కో తీరుగా కనిపిస్తాయి. ఇరుకైన మెలికల మెట్ల మీదుగా మొదటి అంతస్తు వరకే సందర్శకులను వదులుతారు. ఆ పైన పడమటి వైపు ఉన్న చిన్న మసీదు ఊళ్ళోకెల్లా పాతది. నాలుగు వైపులా ఉన్న గడియారాలు మాత్రం 1889లో అమర్చినవి. ప్లేగు తగ్గినందుకు గుర్తుగా దీన్ని కట్టారన్న కథ అందరికీ తెలిసిందే. హిజ్రీ శకంలో వెయ్యో సంవత్సరం మొదలైన కాలం కూడా ఇదే కాబట్టి ఆ సందర్భానికి కట్టించారనే వాదన మరొకటి ఉంది. కారణం ఏదైనా, పైకెక్కి నిలబడితే మీర్ మోమిన్ ఆలోచన కళ్ళకు కడుతుంది: నాలుగు దారులూ నాలుగు కమానుల్లోంచి తిన్నగా బయటికి పోతుంటాయి.

నైరుతి దిశలో కనిపించే మక్కా మసీదు అంత తొందరగా పూర్తయినది కాదు. 1617లో సుల్తాన్ మహమ్మద్ కుతుబ్ షా మొదలుపెట్టించాడు. తర్వాతి ఇద్దరు సుల్తానుల కాలంలోనూ పని సాగుతూనే ఉంది. 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమైంది. మసీదును ముగించిన ఖ్యాతి కూడా 1694లో ఆయనకే దక్కింది. మొదలుపెట్టిన వంశం ఒకటి, ముగించింది ఆ వంశాన్ని కూల్చినవాడు! గోల్కొండ రాజ్యంలో తిరిగిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే ఇక్కడి ఒక్క రాయిని గని నుంచి తేవడానికే 1,400 ఎడ్లు పట్టాయని రాసిపెట్టాడు. లెక్క ఎంతవరకు నిజమైనా, హాలు ముందు నిలబడి ఆ రాతి దిమ్మెల్ని చూసినవాళ్ళు ఆయన్ని పెద్దగా అనుమానించరు. లోపలా ఆవరణలోనూ కలిపి పదివేల మంది నమాజు చేసుకోగలరు. మధ్య కమానుకు వాడిన ఇటుకల్లో మక్కా నుంచి తెచ్చిన మట్టి ఉందని, ఆ పేరు అందుకే వచ్చిందని చెబుతారు. ఆవరణకు ఒక పక్కన రెండో నిజాం మొదలు ఆరో నిజాం వరకు పాలకుల సమాధులు వరుసగా ఉన్నాయి. మొదటి నిజాం సమాధి ఔరంగాబాద్ దగ్గరి ఖుల్దాబాద్‌లో, చివరి నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్‌ది కింగ్‌కోఠీ ఎదుటి జూదీ మసీదులో ఉన్నాయి. నమాజు వేళల్లో సందర్శకులు పక్కకు తప్పుకోవాలి. ఒంటినిండా బట్టలు వేసుకుని రావాలి.

చార్మినార్ నుంచి పడమరగా చీలేది లాడ్ బజార్, గాజుల వీధి. ఇక్కడి లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అమ్మకం వీధి మీద జరిగినా, తయారీ వెనక సందుల్లోని చిన్న గదుల్లో. బొగ్గుల కుంపటి మీద లక్కను మెత్తబరిచి, సాగదీసి తాడులా పేని, రంగు లక్క పూత పూసి, కర్ర అచ్చు మీద గుండ్రంగా వంచుతారు. వేడి ఆరకముందే చిమటాతో ఒక్కో రాయీ, ఒక్కో అద్దం ముక్కా పొదగాలి. ఆరిందంటే రాయి కూర్చోదు. మళ్ళీ కుంపటి దగ్గరికే వెళ్ళాలి. ఈ పని చూశాక, బేరం ఆడేవాళ్ళ గొంతు కొంచెం తగ్గుతుంది, కనీసం ఆ పూటకు.

బజారు వెనక సందుల్లోంచి దక్షిణంగా తిరిగితే చౌమహల్లా. నాలుగు మహళ్ళున్నందుకు ఆ పేరు: అఫ్జల్, మహతాబ్, తహ్నియత్, ఆఫ్తాబ్. 1750 ప్రాంతంలో హైదరాబాద్ పాలకుడు సలాబత్ జంగ్ మొదలుపెట్టిన ఈ కట్టడాలు ఐదో నిజాం అఫ్జలుద్దౌలా కాలంలో, అంటే 1857–69 మధ్య, ఒక రూపుకు వచ్చాయి. అసలు విస్తీర్ణం 45 ఎకరాలంటారు. అందులో మిగిలింది మూడోవంతుకు అటూ ఇటూ. ఖిల్వత్ ముబారక్ అనే దర్బారు మందిరంలో పాలరాతి గద్దె, తల మీద బెల్జియం గాజుతో చేసిన 19 షాండ్లియర్లు ఉన్నాయి. నిజాం వంశపు యువరాణి ఎస్రా పూనికతో ఏళ్ళ తరబడి సాగిన మరమ్మతుల తర్వాత ప్రజలకు తెరిచారు. ఆ పనికి 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది. ఎండ ముదిరే వేళకు ఇక్కడికి చేరేలా చూసుకుంటే మంచిది. పెద్ద చెట్లున్నాయి, మధ్యలో నీళ్ళ తొట్టి ఉంది, కూర్చోవడానికి నీడ ఉంది. పాతబస్తీలో ఇవన్నీ ఒకచోట దొరకడం అరుదు.

మధ్యాహ్నం భోజనం తర్వాత మళ్ళీ చార్మినార్ దగ్గరికి వచ్చి ఈసారి ఉత్తరంగా నడవాలి. చార్మినార్ కట్టిన ఒకటి రెండేళ్ళలోనే లేచిన నాలుగు పెద్ద కమానులు, చార్ కమాన్, ఇక్కడే కనిపిస్తాయి. ఉత్తరాన మచ్లీ కమాన్, తూర్పున కాలీ కమాన్, దక్షిణాన చార్మినార్ కమాన్, పడమర సెహ్ర్-ఎ-బాతిల్ కమాన్. నాలుగింటి నడుమ ఉన్న గుండ్రటి నీటి తొట్టి గుల్జార్ హౌజ్. పడమటి కమాను దాటితే ఒకప్పుడు కుతుబ్ షాహీల రాజభవనాలుండేవి. ఆ ద్వారానికి బంగారు జరీ తెర వేలాడేదని, మంత్రతంత్రాలు సోకకుండా ఒక శిల నిలిపారని పాత కథలు. 1687 తర్వాత ఆ భవనాలు ఒక్కటీ మిగల్లేదు. గుమ్మాలున్నాయి, ఇళ్ళు లేవు. కమానుల మొదళ్ళకు దుకాణాలు అతుక్కుపోవడంతో కొత్తవాళ్ళు వాటి కిందినుంచి నడిచి వెళ్ళి కూడా చూశామన్న సంగతి గమనించరు. చార్మినార్‌కు దక్కే శ్రద్ధలో పదోవంతు వీటికి దక్కినా వేరేలా ఉండేవి.

మచ్లీ కమాన్ దాటాక వచ్చేది పత్తర్‌గట్టి. పేరుకు తగ్గట్టు దారికి రెండువైపులా రాతి కమానుల వరండాలు, వాటి లోపల ముత్యాల, అత్తరు, బట్టల దుకాణాలు. ఇది కుతుబ్ షాహీల పని అనుకుంటారు చాలామంది. కాదు, 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి చేసిన వీధి విస్తరణ ఇది. ఎండకు మాడకుండా, వానకు తడవకుండా మనిషి నడిచిపోవాలన్న ఆలోచన ఆ వరండాల్లో కనిపిస్తుంది. ఇప్పుడు వాటి నిండా సరుకే ఉండడంతో మనుషులు రోడ్డు మీద నడుస్తున్నారు.

ఈ దారిలోనే గోడల చాటున ఉండిపోయి, ఎక్కువమంది తప్పిపోయే కట్టడం బాద్‌షాహీ అషూర్‌ఖానా. మొహర్రంలో ఆలంలు, అంటే పీర్లు, నిలిపే చోటు. చార్మినార్ తర్వాత మూడు నాలుగేళ్ళలో మహమ్మద్ కులీయే దీన్ని కట్టించాడు. లోపలి గోడల మీది రంగు పెంకుల అలంకారం 1611 నాటికి పూర్తయింది. పసుపు, నీలం, ఆకుపచ్చ పెంకులను ముక్కలు ముక్కలుగా కోసి ఆలం ఆకారాలూ తేనెపట్టు గదులూ పేర్చారు. నాలుగు వందల ఏళ్ళయినా ఆ పసుపు వన్నె తగ్గలేదు. అయితే గోడ కింది భాగంలో కొంత మేర పెంకులు లేవు. వాటిని పోలిన రంగు బొమ్మ ఉంది. 1908లో మూసీ వరద నీళ్ళు అక్కడి వరకు వచ్చాయి. ముందున్న చెక్క స్తంభాల మండపం నిజాంల కాలంలో చేర్చినది. ఇది పూజాస్థలం కాబట్టి చెప్పులు విడిచి, అక్కడున్నవాళ్ళను అడిగి లోపలికి వెళ్ళడం మర్యాద.

అక్కడి నుంచి మదీనా కూడలి మీదుగా నయాపూల్ దగ్గరలోనే. మొదటి రోజు నడక చీకటి పడేసరికి నది ఒడ్డున ఆగుతుంది.

మరి సాలార్‌జంగ్ మ్యూజియం? అది కూడా ఈ దక్షిణపు ఒడ్డునే ఉంది. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ పెళ్ళి చేసుకోకుండా జీవితమంతా కూడబెట్టిన వస్తువులను 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలో నెహ్రూ ప్రజలకు తెరిచారు. 1968లో ప్రస్తుత భవనంలోకి మార్చారు. ఒక పూట పూర్తిగా ఇవ్వలేనివాళ్ళు దీన్ని ఇంకోసారికి వదిలేయడమే నయం. అలా వదలడం మనసొప్పకపోతే ఆదివారం పొద్దున గంటన్నర కేటాయించి రెండు మూడు వస్తువులే చూడవచ్చు. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన ముసుగు రెబెకా ఒకటి. పాలరాతినే పలచటి వస్త్రంలా చేసి దాని వెనక ముఖం చూపించాడు. రెండోది గంట గంటకూ చిన్న బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టే గడియారం. పన్నెండు గంటలకైతే దాని ముందు పిల్లలకన్నా పెద్దవాళ్ళే ఎక్కువ తోసుకుంటారు.

మూసీ మీద పాత వంతెన నయాపూల్ కాదు. పడమరగా రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న పురానాపూల్‌ను 1578లో మహమ్మద్ కులీ తండ్రి ఇబ్రహీం కుతుబ్ షా కట్టించాడు. అంటే ఊరికన్నా వంతెనే పదమూడేళ్ళు పెద్దది. రాజ్యానికి రాకముందు విజయనగరంలో తలదాచుకున్న ఈ ఇబ్రహీమే తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్న సుల్తాను. అద్దంకి గంగాధరుడు తన తపతీసంవరణోపాఖ్యానాన్ని అంకితమిచ్చింది ఆయనకే. ప్రియురాలు భాగమతి కోసం యువరాజు పొంగే నదిలో గుర్రం దూకించాడని, అది చూసి తండ్రి వంతెన కట్టించాడని కథ. వంతెన కట్టేనాటికి ఆ యువరాజుకు నిండా పద్నాలుగేళ్ళు లేవన్నది ఈ కథ చెప్పేవాళ్ళు లెక్కవేసుకోరు. భాగమతి అసలు ఉందా అన్న దాని మీదే చరిత్రకారులకు ఏకాభిప్రాయం లేదు. ఓపిక ఉన్నవాళ్ళు ఆదివారం నడకను అక్కడి నుంచే మొదలుపెట్టి నది వెంట తూర్పుగా రావచ్చు.

నయాపూల్ మీద నిలబడి రెండు ఒడ్లూ చూస్తే ఉత్తరాన ఉస్మానియా ఆసుపత్రి, దక్షిణాన హైకోర్టు ఒకదానికొకటి ఎదురుగా ఉంటాయి. ఈ ఒడ్డుకు ఈ రూపం రావడానికి కారణం 1908 సెప్టెంబరు 28 నాటి వరద. నయాపూల్, ముసల్లంజంగ్ పూల్, చాదర్‌ఘాట్ వంతెనలు మూడూ దెబ్బతిని, రెండు ఒడ్ల మధ్య పురానాపూల్ ఒక్కటే మిగిలింది. చనిపోయినవాళ్ళు సుమారు 15,000 మంది అని ఎక్కువగా చెప్పే లెక్క. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టెక్కి 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. హైదరాబాద్‌లో పాలరాతి ఫలకాలున్న స్మారకాలు చాలా ఉన్నా దీని ముందు ఆగినంతసేపు వాటి ముందు ఎవరూ ఆగరు.

వరద మళ్ళీ రాకుండా ఏం చేయాలో చెప్పడానికి 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. నదికి ఎగువన జలాశయాలు కట్టాలన్నది ఆయన సలహా. దాని ఫలితమే 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్, అంటే గండిపేట చెరువు, 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్. గండిపేట నీళ్ళు తాగే ఊరు అన్న మాట హైదరాబాద్‌కు అక్కడి నుంచి వచ్చిందే. ఒడ్డు వెంట ఇళ్ళు కొట్టుకుపోయిన చోట పెద్ద పెద్ద ప్రభుత్వ భవనాలు వెలిశాయి. హైకోర్టు నమూనా జైపూర్‌కు చెందిన శంకర్‌లాల్‌ది. కట్టడంలో ఇంగ్లండు వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్ చేయి ఉంది. ప్రారంభం 1920 ఏప్రిల్‌లో. గులాబీ గ్రానైటు గోడలు, ఎర్ర ఇసుకరాతి చెక్కడాలు, పైన నీలి గుమ్మటాలు. ఆదివారం కోర్టు ఉండదు కాబట్టి వంతెన మీది నుంచి చూడడమే. పక్కనే ఉన్న సిటీ కాలేజీ, ఎదుటి ఒడ్డున ఉన్న ఉస్మానియా ఆసుపత్రి కూడా ఎష్ పనులే. 2020 వానల్లో వార్డుల్లోకి నీళ్ళు చేరడంతో ఆసుపత్రి పాత భవనాన్ని ఖాళీ చేశారు. ఎదురుగా నిలబడి చూస్తే గుమ్మటాల పగుళ్ళలో రావి మొక్కలు కనిపిస్తాయి. దానికి దగ్గర్లోనే 1891లో ఆసఫియా పేరుతో మొదలైన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం.

అఫ్జల్‌గంజ్ నుంచి గౌలిగూడ మీదుగా ఇరవై నిమిషాలు నడిస్తే కోఠీ వస్తుంది. కోఠీ అంటే బంగళా. ఆ బంగళా ఏదో తెలియకుండానే లక్షలమంది ఇక్కడ బస్సు దిగుతారు. అది బ్రిటిష్ రెసిడెన్సీ. 1798 నుంచి రెసిడెంటుగా ఉన్న జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ తలపెట్టగా, మద్రాసు ఇంజనీరు శామ్యూల్ రస్సెల్ 1803–06 మధ్య కట్టాడు. స్థలం కోసం కిర్క్‌పాట్రిక్ పెద్ద కాగితం మీద గీయించిన పటం పంపితే నిజాం నిరాకరించాడట. అంత పెద్ద పటం ఆయన రాజ్యానికి కూడా లేదు మరి! అదే స్థలాన్ని చిన్న కాగితం మీద గీసి పంపితే మారుమాట లేకుండా ఒప్పుకున్నాడని కథ. ముందు వైపు ఎత్తైన ఆరు స్తంభాలు, వాటి మీది త్రికోణంలో ఈస్టిండియా కంపెనీ చిహ్నం, మెట్లకు రెండువైపులా రాతి సింహాలు. ఇంత చేసినవాడికి పూర్తయిన భవనంలో ఉండే యోగం లేకపోయింది. 1805లో కలకత్తాలో చనిపోయాడు. ఆయన పెళ్ళాడిన హైదరాబాదీ యువతి ఖైరున్నిసా పరదా దాటి వచ్చి భవనం చూడలేదు కాబట్టి ఆమె కోసం తోటలో అదే భవనాన్ని బొమ్మరిల్లంత చేసి కట్టించాడని చెబుతారు. స్వాతంత్ర్యం తర్వాత ఇది మహిళా కళాశాల అయింది, ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం. చదువుకునే ఆవరణ కాబట్టి ముందుగా అనుమతి గురించి కనుక్కుని వెళ్ళాలి.

ఇదే రెసిడెన్సీ మీదికి 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ జనాన్ని వెంటేసుకుని వచ్చారు. దాడి నిలవలేదు. కోఠీ కూడలిలోని స్మారక స్తంభం దాని గుర్తే. చుట్టుపక్కల బజార్లు రెసిడెంటు ఏలుబడిలో ఉండి 1933లో నిజాం చేతికి తిరిగొచ్చాక సుల్తాన్ బజార్ అనే పేరు స్థిరపడింది. తెలుగు పాఠకులు ఇక్కడ తప్పక ఆగవలసిన చోటు ఒకటుంది, శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం. ఉర్దూ రాజభాషగా ఉన్న నిజాం రాజ్యంలో 1901 సెప్టెంబరు 1న కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు ప్రభృతులు నెలకొల్పిన తొలి తెలుగు గ్రంథాలయమిది. చీరల దుకాణాల హోరులో దాని బోర్డు కోసం కాస్త వెతకాలి.

అక్కడి నుంచి మొజంజాహి మార్కెట్ పావుగంట నడక. చివరి నిజాం రెండో కొడుకు మొజంజా పేరుతో 1935లో కట్టిన ఈ గ్రానైటు కట్టడం మొదట పండ్ల మార్కెట్టు. రెండు రెక్కలు కోణంలా కలిసే మూల మీద గడియార స్తంభం ఉంటుంది. పండ్ల వ్యాపారం తరలిపోయాక వెలవెలబోయిన మార్కెట్టును బాగుచేసి 2020లో మళ్ళీ తెరిచారు. లోపల మిగిలిన పాత రుచి ఐస్‌క్రీం. మంచు, ఉప్పు నింపిన పీపాల్లో తిప్పి చేసే తీరు. కాలాన్ని బట్టి సీతాఫలం, మామిడి.

ఆదివారం సాయంత్రం కాళ్ళు పూర్తిగా అలసిపోకపోతే మరో పది నిమిషాల్లో ఆబిడ్స్. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దగ్గర పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ పెట్టిన దుకాణం వల్ల వచ్చిన పేరది. ఆదివారం పెద్ద దుకాణాలకు సెలవు. మూసిన షట్టర్ల ముందు ఫుట్‌పాత్ పొడుగునా పాత పుస్తకాలు పరుస్తారు. వైద్యం, ఇంజనీరింగు పాఠ్యపుస్తకాలు, ఇంగ్లిషు నవలలు, ఉర్దూ పత్రికలు, అట్టలు ఊడిన తెలుగు వారపత్రికల సంపుటాలు. చీకటి పడితే దుప్పట్ల నాలుగు మూలలూ కలిపి మూటలు కట్టేస్తారు కాబట్టి వెలుగుండగానే చేరుకోవాలి. మెట్రో ఎక్కదలచినవాళ్ళకు నాంపల్లి, సుల్తాన్ బజార్ స్టేషన్లు రెండూ నడిచే దూరంలోనే ఉన్నాయి.